కారణం రాయాల్సిన గడి

పన్నెండు వందల నలభై మూడు.
అక్కయ్యపాలెం మేడ మీద, మా ఇరుకు గదిలో,
ఉక్కపోతకి ఫ్యాను కూడా ఆయాసపడుతుంటే
మౌక్తిక కొత్త ఎనలైజర్ తెచ్చి
మా కాటా ప్రోగ్రామ్‌ని చదివించింది.
నడపలేదు. ఊరికే చదివించింది.
చదివి అది అన్ని పసుపు త్రికోణాలు కక్కింది.

"అన్నీ సరిచేసేద్దాం మేడమ్,
మహా అయితే పది రోజులు" అంది.
ఇరవై మూడేళ్ల పిల్ల. ఆ మాట నచ్చింది నాకు.
నమ్మలేదు.

చేటలో బియ్యం పోసుకున్నట్టు
ముందేసుకుని కూచున్నాం.

ఇదిగో, బరువుని అంకెల్లో చూపించేటప్పుడు
ఏ దేశపు పద్ధతో చెప్పమంటోంది.
అమ్మా, ఇది కాన్వెంట్ జంక్షన్ దాటి ఎక్కడికీ పోదు.
బొగ్గుపొడికి అక్షరాలు చెరిగిపోయిన కీబోర్డుతో
కాటా గదిలో ఒకే ఒక్క డబ్బా కంప్యూటర్లో బతుకుతోంది.
దీనికి ఫ్రాన్సు వాళ్ల దశాంశం దేనికి?
వడ్లగింజ. ఒగ్గేయ్.

పేరు మధ్యలో కిందిగీత ఉండకూడదట.
పదకొండేళ్ల కిందట, జ్వరంలో,
రాత్రి రెండింటికి నేనే పెట్టిన పేరు.
ఒగ్గేయ్.

విండో మూశాక మెమొరీ తిరిగివ్వలేదట.
ఎల్లాజీ ఆ విండో మూసేది షిఫ్టు దిగేటప్పుడే,
కంప్యూటర్‌తో సహా.
ఒగ్గేయ్.

ఒగ్గేయడం ఉత్తినే అవదు.
ప్రతిసారీ ఒక గడి తెరుచుకుంటుంది: కారణం?
పిల్ల "అనవసరం" అని కొట్టబోయింది.
చెయ్యి పట్టుకున్నాను.
ఎవరికి అనవసరం, ఎన్నాళ్లు అనవసరం, అది రాయి.

వడ్లగింజ పచ్చగా కనిపిస్తుంది, ఏరేస్తాం.
ఏరకపోయినా గొంతు దిగుతుంది.
రాయి మాత్రం బియ్యం రంగులోనే ఉంటుంది.

నాలుగు వందల పన్నెండో లైను దగ్గర
ఎప్పుడో నోరు నొక్కేసిన హెచ్చరిక ఒకటి.
'కాటా నుంచి జవాబు రాకపోతే
ఆ తప్పుని పట్టుకుని మింగేస్తున్నారు.'
పక్కన కారణం: ఇలా ఎప్పుడూ జరగదు.
నా పొడి అక్షరాలు. తేదీ.
మౌక్తిక పైకి చదివింది.
నా వైపు చూడకుండా ఉండడానికి పాపం చాలా కష్టపడింది.

జరిగింది.
హార్బర్లో మూడో నంబరు ఎగరేసిన రాత్రి,
గాలికి కాటా వైరు ఊడింది.
ప్రోగ్రామ్ కిక్కురుమనలేదు.
ముందు లారీ బరువునే ముఖాన పెట్టుకుని కూచుంది.
ఏడో లారీకి ఎల్లాజీ ఫోను, వానలోంచి:
"ఏడు బళ్లూ ఒక్క తల్లి పిల్లలేటండి మేడమ్?
కేజీ తేడా నేదు!"

గేటు దింపేశాడు. తిట్లు తిన్నాడు.
దాటిపోయిన ఆరు లారీల లెక్క తేలక
ఆ నెల జీతంలో కోత పడింది అతనికే.
మర్నాడు నేను కొత్త వైరు వేయించాను.
నా లైను ముట్టుకోలేదు.

మూడో నంబరు ఎగిరితే
వాళ్ల నాన్న సముద్రం కేసి చూసేవాడు కాదట.
పడవ కట్టిన తాడు కేసి చూసేవాడట.
ఆ రాత్రే చెప్పాడు, లైను కట్ అయ్యేలోపు.

సాయంత్రానికి నూట అరవై తేల్చాం.
చాలావరకు ఒగ్గేశాం, కారణాలతో.
నాలుగు వందల పన్నెండు దగ్గర
గడి చెరిపేసి, కోడ్ తెరిచి,
ఫోను తీశాను.

"ఎల్లాజీ గారూ, రేపు కొత్తది పంపిస్తాను.
పెట్టాక ఒకసారి వైరు పీకి చూడండి."
"పీకితే ఏటవుద్దండి?"
"ప్రోగ్రామ్ అరవాలి."
"అరవకపోతేనో?"
వెనక ఏదో లారీ హారన్ కొడుతోంది, ఆగకుండా.
"అరవకపోతే
నాకు ఫోన్ చేసి మీరు అరవండి."